ఒడ్డున అందించే నిప్పు

నేను ఒక చుట్టని. సిగరెట్టుకున్న తెల్లచొక్కా గాని, సిగారుకున్న బంగారు పట్టీ గాని నాకు లేవు. గోదావరి లంకల్లో ఆకునై పెరిగి, పందిట్లో ఆరి, మూటల్లో ఉత్తరాంధ్రకి వచ్చి, శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డున ఒక సంతలో పోలమ్మ చేతికి చిక్కాను. ఆమె నన్ను తడిగుడ్డలో మెత్తబరిచి, ఈనె తీసి, తొడ మీద పెట్టి చుట్టి, దారం కట్టింది. కాలి బూడిద కావడానికే పుట్టినదాన్ని కాబట్టి చావంటే నాకు బెంగ లేదు. ఎవరి నోట కాలుతానన్నదే బెంగ.

పోలమ్మ ఊళ్లో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. అంటే నిప్పున్న కొస నోటి లోపల, చల్లటి కొస పెదవుల బయట. కొత్తగా చూసినవాళ్లు హడలిపోతారు గాని, సముద్రపు గాలికీ తుంపరకీ నిప్పు ఆరకుండా దాచుకోవడానికి ఆ ఒడ్డున మనిషి నోటిని మించిన చోటు లేదు. వేటకి వెళ్లిన పడవలు తిరిగొచ్చే వేళకి పోలమ్మ ఒక చుట్ట ముట్టించి, సగం తాను తాగి, మిగతా సగం తమ్ముడు దానయ్య కోసం నోట్లోనే కాపాడేది. పక్కనున్న ఆడవాళ్లంతా తమ మగవాళ్ల పేర్లు పెట్టి కేకలు వేసేవారు. పోలమ్మ మాత్రం నోరు మూసుకుని నిలబడేది, తెరిస్తే నిప్పు ఆరిపోతుంది గనక. కేకలు వెయ్యని ఆ ఒక్క మనిషిని దానయ్య అలల్లోంచే ఆనవాలు పట్టేవాడు. తడిసి వణుకుతూ ఒడ్డు ఎక్కగానే ఆమె చుట్ట తీసి, తిప్పి, అతని నోట పెట్టేది. వచ్చావా అని అడగడం వాళ్లింట్లో అలాగే.

తరవాత దానయ్యకి సరుకుల ఓడలో పని దొరికింది. భార్య పురిట్లో పోతే కూతురు ఝాన్సీని అక్క ఒళ్లో పెట్టి వెళ్లాడు. లోకమంతా తలుపులేసుకున్న ఆ రోగపు ఏడాది, ఓడలో జ్వరం తగిలితే అతన్ని రోటర్‌డామ్ రేవులో దించి ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరి అందక అక్కడే పోయాడు. విమానాలు లేవు, అయినవాళ్లు లేరు. ఆ ఊళ్లోనే మట్టి చేశారు. పోలమ్మకి ఫోనులో ఒక సమాధి రాయి బొమ్మ వచ్చింది. అప్పటినుంచి ఆమెకి ఒకటే మాట, ఆడు దిగినకాడ నాను లేను అని. ఝాన్సీ నర్సు చదివి జర్మనీలో ఊపిరితిత్తుల వార్డులో ఉద్యోగం సంపాదించాక, చలికాలం మొదట్లో మేనత్తని పిలిపించుకుంది. పోలమ్మ దారి ఖర్చుకి కొన్ని చుట్టలు చుట్టుకుంది. నన్ను మాత్రం కాస్త లావుగా చుట్టి, ఎర్రదారం కట్టి, "ఇది ఆడిది" అని విడిగా రుమాల్లో పెట్టింది.

నా తాతముత్తాతల్ని ఓడలెక్కించి మన దేశానికి తెచ్చింది ఈ తెల్లదొరలే. ఇప్పుడు వాళ్ల గడప దగ్గరే నాకు నిలువనీడ లేదు. అలాగని వాళ్లని తప్పు పట్టను. మా జాతి ఎంతమంది ఉసురు తీసిందో వాళ్లు కూర్చుని లెక్కేసుకున్నారు. నాకు నవ్వొచ్చేదల్లా ఆ లెక్క దేశానికొక తీరున తేలడమే.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో పొగ తాగేవాళ్లని అద్దాల గదిలో పెట్టారు. "ఏటే ఇది, మడుసుల్ని ఎండుసేపల్లాగ పెట్టెలో ఎట్టేసినారు" అంది పోలమ్మ, ఎదురొచ్చిన ఝాన్సీతో. అయినా లోపలికెళ్లి, పరాయివాళ్ల దగ్గర సైగలతో నిప్పు అడిగి తాగింది. రైలు ప్లాట్‌ఫారం మీద గది కూడా లేదు, నేల మీద పసుపు గీతతో గీసిన చదరమే. కాలి వేళ్లు గీత దాటకుండా చూసుకుంటూ అందులో నిలబడి, చుట్ట ముట్టించి, నిప్పు కొస నోట్లోకి తిప్పింది. పక్కనున్న జర్మను ఆవిడ కెవ్వుమని, పాపం ముసలావిడ నోరు కాల్చుకుందని నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పోలమ్మ వద్దనకుండా ఆ నీళ్లు తాగి, ఆవిడ చెయ్యి నిమిరి, మళ్లీ ముట్టించుకుంది.

తండ్రి సమాధి దగ్గరికి రోటర్‌డామ్ తీసుకెళ్తూ, చుట్టుదారైనా పారిస్ చూపించింది ఝాన్సీ. అక్కడ హోటలు లోపల తాగకూడదు, వీధిలోకి వేసిన బల్లల దగ్గర తాగొచ్చు. చెట్లూ బెంచీలూ ఉన్న పార్కులో కూడదు, కార్లు పొగ కక్కే రోడ్డు పక్కన ఫరవాలేదు. వెయిటరు బూడిద గిన్నె తెచ్చి ముందు పెడితే పోలమ్మకి పీట వేసి కూర్చోబెట్టినంత సంబరమైంది. పక్కబల్ల ముసలాయన ఆమె తాగే తీరు చూసి తెల్లబోయి, లేచిపోయేటప్పుడు తన లైటరు ఆమెకి ఇచ్చి దణ్ణం పెట్టాడు.

బ్రసెల్స్‌లో రైలు మారాల్సి వచ్చింది. ఆ దేశంలో ప్లాట్‌ఫారం మీద ఎక్కడా పొగ తాగకూడదు, పసుపు గీతలు కూడా లేవు. పోలమ్మ స్తంభం మీది బొమ్మ చూసి, అందులో గీత కొట్టింది సిగరెట్టునే కదా, మనది సుట్ట కదా అనుకుంది. పైగా నిప్పు లోపలుంటే ఎవరికేం కనపడుతుందని ధైర్యం. రైల్వే ఉద్యోగి వచ్చి ఏదో అడిగాడు. ఆమె నోరు విప్పలేదు. వంగి చుట్ట కొస చూశాడు, నిప్పు లేదు. పోబోతున్నవాడల్లా, ఆమె ముక్కులోంచి పొగ రావడం చూసి నిలబడిపోయాడు. ఝాన్సీ చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటే, ఆర్పించి వదిలేశాడు.

రైలెక్కాక ఝాన్సీ ఏడుపు ఆపుకుంటూ, "నోరు తెరువత్తా" అంది. ఫోను వెలుగులో అంగిలి చూసింది. తెల్లటి మచ్చలు. నర్సుకి అవేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎన్నాళ్లనించి?"

"ఏటో, ఉన్నాయి."

"ఇంక ఒక్కటి కూడా తాగడానికి లేదు. ఇటియ్యి."

పోలమ్మ డబ్బా ఇచ్చేసింది. రుమాలు మాత్రం ఇవ్వలేదు. "ఇది నాది కాదమ్మీ. ఆడిది."

"నాన్న ఊపిరాడక పోయాడత్తా. నేనక్కడ రోజూ అలాటోళ్లనే చూస్తన్నాను. ఆయనకి మళ్లీ పొగ ఎడతావా?"

పోలమ్మ రుమాలు విప్పింది. నన్ను గుప్పిట్లో పెట్టుకుని కిటికీలోకి చూస్తూ కూర్చుంది. ఇద్దరిదీ న్యాయమే. నన్ను చేసింది ఒకరి ప్రేమ, నన్ను వద్దంటున్నది ఇంకొకరి ప్రేమ. ఆ గుప్పిట్లో నాకే ఊపిరాడలేదు.

రోటర్‌డామ్ శివార్లలో ఆ శ్మశానం ఉంది. గేటు దగ్గర మళ్లీ అదే బొమ్మ. ఈసారి పోలమ్మ అది సిగరెట్టేగా అనలేదు.

"ఇక్కడా కూడదా?"

"కూడదత్తా."

"ఆడికాడ కూడానా?"

"అక్కడ కూడా."

పోలమ్మ రోడ్డు దాటి అవతలికెళ్లింది. సన్నగా తుంపర పడుతోంది. పమిటచెంగు అడ్డం పెట్టి, పారిస్ ముసలాయన లైటరుతో నన్ను ముట్టించింది.

"వద్దత్తా" అంది ఝాన్సీ. "నా మాట ఇను."

"ఆడు పడవ దిగినప్పుడు నానెప్పుడూ ఒట్టినే నిలబడ్నేదమ్మా."

నిప్పు కొస లోపలికి తిప్పి నోరు మూసింది. ఇక ఆమెతో మాట్లాడి లాభం లేదు. ఝాన్సీ చెయ్యి చాపితే నన్ను లాగెయ్యగలదు. చాపింది కూడా. ఆ చేత్తో గొడుగు విప్పి అత్త తల మీద పట్టింది.

గేటులో కాపరి ఎదురొచ్చాడు, నెరిసిన మనిషి. ఆమె పెదవుల మధ్య నా చల్లటి కొస చూశాడు. చలికి అందరి ముక్కుల్లోంచీ ఆవిరి వస్తూనే ఉంది. బోర్డు వైపు వేలు చూపబోయి, నిప్పు లేదుగదా అని ఆగిపోయి, ఏదో అడిగాడు. "మా అత్త ఇప్పుడు మాట్లాడలేదు" అని తనకొచ్చిన జర్మనులో చెప్పింది ఝాన్సీ. అబద్ధం కాదు. ఆయన టోపీ తీసి పక్కకి తప్పుకున్నాడు.

నేను ఆమె నోట్లో నెమ్మదిగా కాలుతున్నాను. దమ్ము వృథా చెయ్యకుండా, సగానికి మించి కాలనివ్వకుండా, నాలుకతో నన్ను సర్దుతూ నడిచింది. సమాధి రాయి చిన్నది. దాని మీది అక్షరాలు ఆమెకి రావు. ఝాన్సీ వంగి తండ్రి పేరు మీద వేలు పెట్టి చూపించింది. పోలమ్మ పాదాలు దగ్గరపెట్టి, ఇసుకలో నిలబడ్డట్టే నిలబడింది. ఎదురుచూసింది. చాలాసేపు చూసింది. కళ్లనీళ్లు కారి పెదవుల దాకా వచ్చాయి. ఇన్నాళ్లూ ఆమె నోరు మూసుకోగలిగింది అతను తనంతట తానే వచ్చేవాడు గనక. ఈసారి ఎవరూ రాలేదు.

అప్పుడు నోరు తెరిచింది.

"ఒరే దానయ్యా... ఓ దానయ్యోయ్..."

ఒడ్డున ఆడవాళ్లంతా వేసే కేకే. ఆమె ఎన్నడూ వెయ్యనిది. నేను తడిగడ్డిలో పడి చుయ్యిమని ఆరిపోయాను.

కేక ఆగాక ఝాన్సీ నన్ను తీసి తుడిచింది. అత్త రుమాల్లోంచి లైటరు తీసింది. "మళ్లీ ముట్టించనా అత్తా?" అంది. అడిగింది ఝాన్సీయేనా అని నాకే అనుమానం వచ్చింది.

పోలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఉండనీ అమ్మీ. ఆడొస్తే ఆడే అడుగుతాడు." నన్ను రాయి పక్కన పెట్టి, లైటరు మేనకోడలి చేతిలోనే ఉంచి గుప్పిట మూసింది. ఇక అది తనకి అక్కర్లేదన్నట్టు. వెళ్లేటప్పుడు ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు. ఆ మచ్చల సంగతి ఏమైందో నాకు తెలిసే దారి లేదు.

కాపరి వారం వారం వచ్చి వాడిన పూలు ఎత్తిపోస్తాడు. మొదటిసారి నన్ను చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. సిగరెట్టు పీక దొరికితే గొణుక్కుంటూ డబ్బాలో వేసే మనిషి, నన్ను మాత్రం ఎర్రదారం పైకి ఉండేలా ఉన్నచోటే పెట్టేశాడు. వానకి నా ఆకు పొరలు విడుతున్నాయి. రేవులోకి ఓడలు వస్తున్న కూత అప్పుడప్పుడు ఇక్కడికి వినిపిస్తుంది. సగం పోలమ్మ కాల్చింది. మిగిలిన సగం దానయ్యది. అది అలాగే ఉంది.