లేని మూడు వారాలు

మహిళా మండలి లైబ్రరీలో కూర్చోవడానికి మనిషి కావాలని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సరిగా దిగలేదు. హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం నడిపే మా బావ రాంచందర్ మాట ఒకటే.

"ఆ నౌకరి దొరికితే ఉండు శకుంతలా. లేకుంటే ఆదివారం ఊరికి బస్సెక్కు. మీ నాయిన ఊకె మనిషిని పంపుతాండు."

మా ఊరు పరకాల దిక్కు. అక్కడ బడి అయిపోయాక నాకు చదవడానికి ఏమీ మిగల్లేదు. అక్క దగ్గరికి వచ్చాక వీధిలో ఎవరింట్లో పుస్తకం ఉంటే వాళ్ళింట్లో బియ్యం చెరిగిపెట్టి అయినా తెచ్చుకున్నాను.

మండలి పెద్ద సరస్వతమ్మ రిటైరైన పంతులమ్మ. నౌకరి కావాలంటే ఈమధ్య చదివిన మూడు పుస్తకాల మీద అందరి ముందు మాట్లాడమంది. "కథ చెప్పకు. కథ మాకూ తెలుసు. నీకేమనిపించిందో చెప్పు."

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ ఇంటి వసారాలో చాపల మీద వీధి ఆడవాళ్ళంతా కూర్చున్నారు. కరెంటు పోయింది. నేను కొంగు చివర చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

ముందు ఒక డాక్టరమ్మ తన జీవితం రాసుకున్న పుస్తకం గురించి చెప్పాను. "ఎడ్లబండి మీద ఏ ఊరికి పోయిందో, ఏ రోగికి ఏ మందిచ్చిందో అంత రాసింది. మంచిగున్నది. కాని ఆమె తిరిగొచ్చేటాలకు ఇంట్ల వంట చేసి పెట్టినామె ఎవరో ఒక్క ముక్క లేదు. ఆమె పేరు ఒక్కసారన్న రాస్తే బాగుండు."

"దీని పానమంత వంటింట్లనే ఉన్నది," అంది వెనక నుంచి ఎవరో.

రెండోది జమీందారు ఇంటి నవల. "అందుల ఎవరి మనసు కష్టపడ్డా వాన కురుస్తది. ఎండాకాలమే రాదు. మన దిక్కు గన్ని వానలు పడితే పత్తి అంత కుళ్ళిపోతది." అందరూ నవ్వారు. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

మూడోది పక్కింటి కమల వదిన ఇచ్చింది. మా వీధిలో వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు చించి దాచి, అయిపోయాక బైండింగు చేయించుకోవడం ప్రతి ఇంట్లోనూ ఉంది. అది అలాంటి పుస్తకమే.

"అన్నిటికన్న నాకిది నచ్చింది. ఆ పిల్ల పొద్దున ఇంటి ముందట వాకిలి ఊడుస్తాంది. పేజీ తిప్పితే పట్నంల కొలువు చేస్తాంది. ఎందుకు పోయింది, ఎవరినడిగింది, ఏం లేదు. ఆడపిల్ల పోవాలనుకుంటే అందరికి కారణాలు చెప్పుకుంట కూసోవాల్నా? రాసినాయనకు మన మీద నమ్మకమున్నది." నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు.

కమల వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో శకుంతలా! నమ్మకం కాదే, నేను మా తల్లిగారింటికి పోయిన. మా ఆయన ఆ మూడు వారాల పత్రికలల్ల మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చిండు. ఆ పేజీలు పోయినయి. ఉన్నకాడికి కుట్టించిన!"

వసారా గొల్లుమంది. "మిర్చి బండోని మీద కూడ జర ఒక మాట చెప్పు పిల్లా!" అని ఇంకెవరో.

ఆదివారం బస్సు కళ్ళముందే ఆగినట్టుంది. సరస్వతమ్మ మాత్రం నవ్వలేదు. లోపలి నుంచి తను దాచుకున్న ఆ మూడు వారాల పత్రికలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "లోపల కూసోని చదువుకొని రా. మేము చాయ్ తాగుతం."

వంటింటి గడప దగ్గర కూర్చుని చదివాను. ఆ మూడు వారాల్లో మేనమామ వస్తాడు. దరఖాస్తు ఆయనే రాస్తాడు, టికెట్ ఆయనే కొంటాడు. ఆ పిల్ల వద్దని ఏడుస్తూ రైలెక్కుతుంది.

నమ్మబుద్ధి కాక ఇంకోసారి చదివాను. అవే మాటలు. బయట ఇంకా నవ్వుతున్నారు. ఆ రచయిత అంటే సరస్వతమ్మకు ప్రాణమని వీధంతా తెలుసు. ఇప్పుడు కథ పూర్తిగా అర్థమైంది, ఇంకా బాగుంది అంటే చాలు. ఆ మాటే అందామని లేచాను, గడప దాటి నిలబడ్డాను. ఆ మాట రాలేదు.

"ఇవి లేని పుస్తకమే మంచిగున్నదమ్మా," అన్నాను.



"అంటే రాసినాయన తప్పు రాసిండంటవా?" అంది సరస్వతమ్మ.

"తప్పని కాదు. నేను చదివిన పిల్ల తనంతట తాను పోయింది. ఈ పిల్లను తోలిన్రు."

"అంటే మా ఆయన మిర్చీలు తిని నవలను బాగుచేసిండన్నట్టు!" అంది కమల వదిన. ఈసారి నవ్వులో నేనూ కలిశాను.

సరస్వతమ్మ కప్పు కింద పెట్టింది. "నాకైతే ఆ రైలు కాడనే ఏడుపొస్తది. సరే. సోమారం పొద్దున రా, లైబ్రరీ తాళం ఇస్త. కమలా, ఆ పుస్తకం లైబ్రరీకియ్యి. శకుంతలా, ఈ మూడు వారాలు అందుల కుట్టించుకొని రా. అదే నీ మొదటి పని."

"అమ్మా, అదొక్కటి..."

"నీకు నచ్చకున్నా సరే, చదివేటోళ్ళకు పుస్తకం పూర్తిగ ఇయ్యాలె. వాళ్ళకేమనిపిస్తదో వాళ్ళు చెప్తరు."

సోమవారం తాళంచెవి నడుముకు దోపుకుని, పుస్తకం పట్టుకుని మండీ బజారుకు వెళ్ళాను. బైండింగు చేసే జమాలుద్దీన్ చాచా దారం కోశాడు. పుస్తకం రెండుగా విడిపోయింది. ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు.

"జర చూసి చెప్పు బేటీ. ఇవి ఏడ కూసుంటయి?"

నేను చివర అంటే చివర కుట్టేస్తాడు. వద్దంటే పక్కన పెట్టేస్తాడు. పేజీలు తిప్పాను, ముందుకు పోయాను, వెనక్కి వచ్చాను. దుకాణంలో ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. వాకిలి ఊడ్చడం అయిపోయిన పేజీ మీద వేలు పెట్టాను.

"ఇక్కడ చాచా."

ఆయన ఆ మూడు వారాలనూ అక్కడ పెట్టి, అంచులు సరిచేసి, సూది ఎత్తి ఆగాడు.

"వేలు తియ్యి బేటీ. సూది దిగాలె."