నాలుక తగలని చీర

నా తమ్ముడు భీమన్న నన్ను నిలువునా ముంచాడు. అంతకన్నా మెత్తని మాట నా దగ్గర లేదు.

గద్వాలలో అమ్మవారి జాతర చీర మా నాయన నేసేవాడు. పోయేముందు కొడుకును కాదని ఆ పని నాకు అప్పగించాడు. భీమన్న నవ్వి ఊరుకున్నాడు. అది నిజం నవ్వనుకున్నాను.

మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. నేత అయ్యాక సిర్కా కలిపిన నీళ్లలో ముంచి ఎండలో ఆరేస్తే పట్టుకు నిగనిగ వస్తుంది. సిర్కా అంటే ఏమీ లేదు, మూత పెట్టకుండా వదిలేసిన కల్లు. గాలి తగిలినకొద్దీ మత్తు పోయి, ముక్కు అదిరే పులుపు మిగులుతుంది. దాని మంచితనం ఏమిటంటే, నీళ్లతోపాటు తానూ ఎగిరిపోతుంది. అందుకే ఆరిన కొంగును నాలుకకు ఆనించి చూస్తాం. చప్పగా ఉంటే సరే, పుల్లగా ఉంటే మళ్లీ జాడించాలి.

అమ్మవారి చీరకు ఆ పరీక్ష లేదు. నాలుక తగిలితే ఎంగిలి.

ఆ ఏడు సిర్కా భీమన్నే తెచ్చాడు, నీళ్లలో తానే కలిపాడు. వాసన సిర్కాదే. తమ్ముడి మనసు కుదుటపడిందని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

జాతరనాడు పూజారి మడత విప్పగానే చీర నడిమికి చినిగింది. పట్టుకున్న చోటల్లా నూలు పొడిపొడిగా రాలింది. చినిగిన చీర అమ్మవారికి పనికిరాదని పూజారి పక్కన పడేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు భీమన్న ముందుకొచ్చాడు. చంకలో మూట. అందులో కొత్త చీర, అదే ఎరుపు, అదే అంచు. నెలల తరబడి నేస్తేగాని కానిది.

"అక్కకు చాతనైతలేదు. ఇగ నేనే నేస్త" అన్నాడు.

పడేసిన చీర ఇక అమ్మవారిది కాదు. కొంగు తీసి నాలుకకు ఆనించాను. చుర్రుమంది. కంసాలి వాడే తేజాబు అది, గంధకపు యాసిడ్. వాసనకు కాస్త సిర్కా పోసి, నీళ్లలో తేజాబు కలిపాడు. తేజాబు ఎగిరిపోదు. నీళ్లు ఆరేకొద్దీ చిక్కబడి నూలును తినేస్తుంది. ఈ సంగతి నాయన మా ఇద్దరికీ ఒకే మగ్గం దగ్గర చెప్పాడు.

కొంగు వాడి ముందుకు చాపాను.

"నువ్వు జర నాలుక వెట్టి చూడు, తమ్మీ."

చుట్టూ నేతవాళ్లందరూ చూస్తున్నారు. భీమన్న పెదవులు బిగించుకొని వెనక్కి జరిగాడు. ఎందుకో అందరికీ తెలిసింది.

మరో చీర లేక, ఆ పూట అమ్మవారికి వాడి చీరే కట్టారు.