తొట్టికాడి ఆడోళ్లు

ఆ పొద్దున కాశిబుగ్గలో వెంకటరాజం సావుకారి తన మగ్గాల కార్ఖానా వాకిట్లో ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టాడు. ఆయన చేతిలో ఒక వారపత్రిక ఉంది. దాని అట్ట మీద పాలలో ముంచి తీసినట్టున్న పిల్ల బొమ్మ. ఆ అట్టను ఒక్కొక్కరి మొహం పక్కన పెట్టి చూసుకుంటూ నడిచాడు. అంగట్లో ఎడ్లు కొనేవాడైనా పని చేస్తదా అని ఒక మాట అడుగుతాడు. ఈయన అదీ అడగలేదు.

"నువ్వు దుకాణానికి. నువ్వు తొట్టికాడికి. నువ్వు సుత తొట్టికే."

చౌరస్తాలో ఆయన ముందు గోడంతా అద్దాలే ఉన్న చీరల దుకాణం కొత్తగా తెరుస్తున్నాడు. అక్కడ ఫ్యాను ఉంటుంది, నీడ ఉంటుంది, కూలీ ఎక్కువ. తొట్టి దగ్గర ఉండేది పచ్చి నూలును తెల్లగా చేసే బ్లీచింగ్ నీళ్లు, ముక్కులు పగిలే ఘాటు, పుండ్లు పడ్డ వేళ్లు. ఎర్రగా ఉన్నవాళ్లకు అది, నల్లగా ఉన్నవాళ్లకు ఇది. ఇదీ ఆయనగారి న్యాయం!

దుకాణం పని ఇస్తానని ఆ వరసలోనే ఉన్న అనసూర్యను ఏడాదిగా ఊరించింది కూడా ఆయనే. ఆమె ముందు ఆగి, అట్టను చూసి, ఆమెను చూసి నవ్వాడు.

"నిన్ను అద్దాల ఎన్క నిలవెడితే కరెంటు పోయిందనుకుంటరే."

వరసలో కొందరు నవ్వారు. ఆ నవ్విన వాళ్లూ తొట్టికి పోవలసినవాళ్లే. పక్కనున్న నిర్మల మాత్రం నవ్వలేదు. కానీ దుకాణానికని సావుకారి వేలు ఆగింది నిర్మల దగ్గరే.

ఇద్దరిదీ ఒకే గల్లీ. ఒకే రాట్నం మీద కండెలు చుట్టడం నేర్చుకున్నారు, ఒకే గిన్నెలో సద్ది తిన్నారు. అయితేనేం, ఆనాటి నుంచి అనసూర్యకు కళ్లల్లో నిప్పులు పోసుకోవడమే పనైపోయింది. నిర్మల పలకరిస్తే టెక్కు అనేది, పలకరించకపోతే పొగరు అనేది. నిర్మల కొత్త చెప్పుల చప్పుడు గల్లీలో వినపడితే తలుపు వేసుకునేది.

ఒక ఆదివారం అందరితో కలిసి మ్యాట్నీకి పోయింది. సినిమాకు ముందు క్రీము ప్రకటన వేశారు. నల్లపిల్ల ఏడుస్తుంది, క్రీము పూసుకుంటుంది, తెల్లబడుతుంది, ఉద్యోగమూ మొగుడూ ఒకేసారి నడిచొస్తారు. వెంటనే సావుకారి దుకాణం స్లైడు పడింది. తెర నిండా పట్టుచీరలో నిర్మల. హాలంతా ఈలలు! అనసూర్య ఆ సినిమాలో ఒక్క ముక్క చూడలేదు. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

క్రీము కొన్నది. పూసింది, పూసింది, అద్దంలో అదే అనసూర్య. ఒకనాడు తొట్టిలోంచి నూలు చిలప పైకి తీస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. నిన్న మట్టిరంగుతో తొట్టిలో వేసిన నూలు ఇయ్యాల మల్లెపువ్వులా ఉంది. నూలు తెల్లబడుతుంటే తోలు తెల్లబడదా అనుకుంది. నవ్వకండి. పొద్దున లేస్తే నలుపును తెలుపు చేయడమే పనిగా బతికేవాళ్లకు తప్ప ఆ ఆలోచన ఎవరికి వస్తుంది? అందరూ సద్దులు తింటుండగా బ్లీచింగ్ పొడిని చిక్కగా కలిపి మొహానికి, మెడకు పట్టించింది. నూలు నానబెట్టినట్టే పైన తడిగుడ్డ కప్పుకుంది.

ఆమె కేకకు మగ్గాలు ఆగిపోయాయి. అందరికంటే పెద్దదైన రాములవ్వ ఆమెను నల్లా కిందికి ఈడ్చి నీళ్లు గుమ్మరించింది. దవాఖానలో కళ్లు దక్కాయి. చెంపల మీద తోలు పొరలు పొరలుగా ఊడి ఎర్రమచ్చలు, నల్లమచ్చలు మిగిలాయి.

సావుకారి కబురు పంపాడు. "గా మొఖంతోటి కార్ఖానాకు రావద్దను. జూసినోళ్లు జడుసుకుంటరు."

నిర్మల చూడవచ్చింది. అనసూర్య గోడ వైపు తిరిగింది.

"ఎందుకొచ్చినవే? నీ రంగుకు దిష్టి తగుల్తది, పో."

"నిన్ను జూత్తె నాకు కుళ్లు, ఎర్కేనా?" అంది నిర్మల.

అనసూర్య తిరిగి చూసింది.

"పొద్దందాక నిలవడాలె. కూసుంటె చీర నలుగుతదట. కడుపునిండ తింటె లావైతనట. ఎండల నడిస్తె నల్లవడ్తనట. మీరేమో తొట్టికాడ కలిసి తింటరు, కలిసి నవ్వుతరు. మిగిలినోళ్లు లోపట చీరలు మడుస్తరు, నేను అద్దాల ఎన్క ఒక్కదాన్నే. సావుకారేమో కొంగు సదురుతా అనుకుంట భుజం మీద చెయ్యేస్తడు. వద్దంటె, నీకంటె తెల్లదాన్ని హైదరాబాద్ నుంచి తెస్తనంటడు."

దాచడమెందుకు, ముందు అనసూర్య కడుపు చల్లబడింది. ఆ తర్వాతే సిగ్గేసింది. నిర్మల చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

రాములవ్వ వాకిట్లో మీటింగు పెట్టారు. వాళ్లలో సమ్మమ్మ అనే ఆమె లేచి గట్టిగానే అడిగింది. "తన మొఖం తనే కాల్చుకున్నది. సావుకారి తప్పేంది?"

"పూసుకొమ్మని ఆయన చెప్పలే," అంది రాములవ్వ. "నల్లగుంటె బతుకులేదని చెప్పిండు. రెండిట్ల ఫరకేందే?"

అందరితో పాటు సమ్మమ్మా చెయ్యెత్తింది. అనసూర్యను పనిలోకి తీసుకోవాలి, దుకాణం పని అందరికీ వంతుల మీద రావాలి, తొట్టి దగ్గర చేతులకు రబ్బరు తొడుగులు ఇవ్వాలి, ఒంటి మీద చెయ్యి వెయ్యొద్దు అని తేల్చుకున్నారు. తెల్లారి ఆడవాళ్లెవరూ పనిలో దిగలేదు. ఆడోళ్ల రంగు కొట్లాటకు మేమెందుకు ఆగాలని మగ్గాలు నేసే మగవాళ్లు మొదట ఎగతాళి చేశారు. కండెలు చుట్టేవాళ్లు లేక మగ్గాలు మూగపోయాక, వాళ్లూ వచ్చి పక్కన కూర్చున్నారు.

చౌరస్తాలో దుకాణం ముందర బైఠాయించారు. నిర్మల లోపలి నుంచి బయటికి వచ్చి పట్టుచీరతోనే దుమ్ములో కూర్చుంది. సావుకారి ఎస్సైని పిలిపించాడు.

"సార్, ఇది కుళ్లుబోతుది. నిర్మలను ఓర్వలేక మొఖం కాల్చుకున్నది. ఏమే అన్సూర్యా, అబద్ధమా? నిజం ఒప్పుకో. రేపట్నుంచి దుకాణంల నిన్ను వెడ్త, ఆమెను తీసేస్త."

అది ఉత్తమాటేనని అనసూర్యకు తెలుసు. అయినా ఏడాది నుంచి కోరుకున్నది కదా, ఒక్క క్షణం మనసు గుంజింది. లేచి మొహం మీది కొంగు తీసేసింది. చౌరస్తాలో పోయే హమాలీలు, కాలేజీ పిల్లలు ఆగారు.

"అవ్, కుళ్లుకున్న! ఇది సచ్చిపోతె బాగుండని సుత అనుకున్న. నా కడుపుల కుళ్లు వెట్టిందెవ్వలు? వాకిట్ల లైను గట్టి, ఒకలను జూపెట్టి ఇంకొకలను ఏడిపించింది నువ్వు గాదా? మేం ఒకలనొకలం జూసి ఏడుస్తాంటె నిన్ను జూసెటోళ్లే లేకపాయిరి. ఇగ నిన్నే జూస్తం!"

"నిన్నే జూస్తం!" అని అన్ని గొంతులూ అరిచాయి.

ఎస్సై లాఠీ ఎత్తి నిర్మలను చూపించాడు. "ఆ ఎర్రపిల్లే లీడర్. ఎక్కించండి."

ఆయన కంటికీ ఆ ఒక్క మొహమే ఆనింది! కానిస్టేబుళ్లు నిర్మలను జీపులోకి తోశారు. అనసూర్య పరుగెత్తి జీపు వెనక కమ్మీ పట్టుకుంది.

"సార్, మీటింగు వెట్టింది నా మొఖం మీద. నన్నెక్కియ్యకుంట దాన్నెట్ల తీస్కపోతరు?"

"నువ్వు పోవమ్మా, నీతో పని లేదు."

పోలేదు. కానిస్టేబుల్ను నెట్టి ఎక్కింది. వెనకే రాములవ్వ మోకాళ్లు పట్టుకుని ఎక్కింది, సమ్మమ్మ ఎక్కింది, తొట్టికాడి వాళ్లూ దుకాణం వాళ్లూ ఒకరి మీద ఒకరు ఎక్కారు. జీపు టైర్లు కుంగాయి. అనసూర్య నిర్మలను మోచేత్తో పొడిచింది.

"జైలుకు సుత నీకే ముందుగాల పిలుపా? జరుగే, నాకు జర జాగియ్యి."

నిర్మల నవ్వుతూ జరిగింది. సగం మంది దిగితేనే బండి కదులుతుందని డ్రైవరు మొత్తుకున్నాడు. ఎస్సై లాఠీతో జీపును బాదాడు. ఒక్కరూ దిగలేదు.