పిడికెళ్ల బియ్యం

లిదియా చేతిలోని చెంబు డ్రమ్ము అడుగుకు తగిలి ఖంగుమంది. బియ్యం లేవు.

బయట పొగమంచులో జనం అప్పుడే వచ్చి కూర్చున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక మట్టెవాడలోని ఆ చిన్న చర్చిలో వాళ్లకు అన్నం పెడతారు. కొందరికి వారంలో కడుపు నిండేది ఆ పూటే. ముఖాలు కంటికి ఆనడం లేదు. పళ్లేలు మాత్రం మంచులో తేలుతున్నట్టున్నాయి.

డ్రమ్ములో ఉండేవి కొన్న బియ్యం కావు. సంఘంలోని ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేర ఒక పిడికెడు పక్కన తీసి, శనివారం తెచ్చి డ్రమ్ములో పోస్తారు. నిన్న అది నిండుగా ఉంది. దాని తాళంచెవి లిదియా దగ్గరే ఉంటుంది. వండేది ఆమే. మిగిలిన అన్నంతోనే ఆమె, మంచం పట్టిన తల్లి బతుకుతున్నారు. ఆ పని పోతే ఆ అన్నమూ పోతుంది.

సంఘ పెద్ద ఏలియా డ్రమ్ములోకి తొంగిచూశాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని గొంతు. ముందు నాలుగిళ్లు అడిగి బియ్యం తెమ్మన్నాడు. మిగతాది ఆరాధన అయ్యాక అందరి ముందూ తేల్చుదామన్నాడు.

లిదియా గంప పట్టుకుని నడిచింది. మంచులో గుమ్మాలు ఒక్కొక్కటే తేలివచ్చి, గంపలో ఇన్ని గింజలు రాల్చి, మళ్లీ కరిగిపోతున్నాయి. చివరి గుమ్మం ఏలియాదే. అతని భార్య రెబెకా అన్నం వారుస్తోంది.

"మీ అన్న షాపు మూతబడ్డదని ఎవ్వలికీ తెల్వది, చెప్పకు," అంది రెబెకా, భర్త గురించి. "మూడు పొద్దులు పస్తులే ఉన్నం. పొద్దుగాల తొర్రూరు దోస్తు పంపిండని బియ్యం తెచ్చిండు."

లిదియా గిన్నెలోకి చూసింది. ఒక మెతుకు సన్నం, ఒకటి దొడ్డు. ఒకటి చిమిడింది, ఒకటి పలుకు. ఒక్క ఇంటి బియ్యం అలా ఉడకవు. వాడకట్టంతా కలిసిన అన్నమే అలా ఉంటుంది. చర్చిలో ఎన్నోసార్లు వడ్డించిన రెబెకా కూడా అప్పుడే గిన్నెలోకి చూసింది. ఆవిరి ఇద్దరి మధ్యా మెల్లగా లేచింది.

ఆరాధన ముగిసింది. బయట పొయ్యి మీద, గంపలో దొరికిన కాసిని బియ్యం ఉడుకుతున్నాయి. ఏలియా లిదియాను తాళంచెవి అప్పగించమన్నాడు.

"ఎలుకలు తిన్నయా లిదియా?" అంది చాప మీంచి జ్యోతి. "తిని, మల్ల తాళమేసి పోయినయా?"

ఎవరో నవ్వారు. లిదియా కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. తన మాట ఎవరు నమ్ముతారు?

రెబెకా లేచి నిలబడింది. రెండో తాళంచెవి తమ ఇంట్లో ఉందనీ, బియ్యం లిదియా తీయలేదనీ చెప్పింది. ఏలియా కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"మరి ఎవలు, అక్కా?" అంది జ్యోతి.

పెళ్లయిన నాటినుంచి రెబెకా నోట భర్త పేరు ఎవరూ వినలేదు.

"ఏలియా," అంది.