అడిగే బొమ్మ

నానిన తోలును బండ మీద పరిచి, మత్తయ్య రంపెతో చెప్పు అడుగు కోస్తున్నాడు. తంగేడు చెక్క రసం ఇంకి ఆయన గోళ్లు నల్లబడ్డాయి. కడిగినా పోని నలుపు అది. ఒంగి ఒంగి నడుం విల్లులా అయింది. శంషాబాద్ రైతుల్లో సగంమంది ఆయన కుట్టిన చెప్పులతోనే పొలాలకు పోతారు. ఆయన పేరు గుర్తుంచుకోవలసిన అవసరం మాత్రం ఎవరికీ పడలేదు.

చేతులు పనిలో ఉన్నా, మనసంతా మనుమరాలు ప్రేమావతి బొమ్మ మీదే ఉంది. తోలు ముక్కలు కుట్టి, లోపల ఊక కూరి ఆయనే చేసిచ్చాడు. నిన్న ప్రార్థనకు వచ్చిన ఉపదేశి ఆనందం దాన్ని చూసి, ఏ రూపాన్నీ చేసుకోవద్దని ఆజ్ఞ ఉంది కదా అన్నాడు. కోపంతో కాదు, దిగులుతో అన్నాడు. మర్నాడు సాయంత్రం చెప్పుల కోసం వస్తాననీ, ఆలోగా దాన్ని తీసేయమనీ చెప్పిపోయాడు.

పొద్దున ప్రేమావతి ఆ బొమ్మను రెండు దెబ్బలు కొట్టి, కాలు పట్టుకుని ఈడ్చుకుపోయింది. కొట్టేదాన్ని ఎవరూ మొక్కరు కదా అని మత్తయ్య సంబరపడ్డాడు. పెనిమిటి చెప్పుల కోసం వచ్చిన రైతు కొండమ్మతో ఆ మాటే అంటే ఆమె ఒప్పుకోలేదు.

"వానలు పడకుంటే మేం పోచమ్మను తిట్టమా? తిడతం, మళ్ల మొక్కుతం."

మత్తయ్య మళ్లీ చిక్కులో పడ్డాడు. ఆ చిక్కు ఆయనకు బాగానే ఉంది.

ఆయనకూ పోచమ్మ తెలుసు. బాప్తిస్మానికి ముందు, ఉన్న ఒక్క కొడుక్కీ అమ్మవారు పోస్తే, ఆ రాయి ముందు కోడిని కోసి, నుదురు నేలకు ఆనించి ఏడ్చాడు. కొడుకు దక్కలేదు. ఆనాటి భయం ఇంకా ఒంట్లో ఎక్కడో ఉంది. బొమ్మను చూస్తే ఆ భయం రాదెందుకు? రెండూ రూపాలే కదా.

మధ్యాహ్నం షాద్‌నగర్ పోయే, బొగ్గుతో నడిచే బస్సు పొగ కక్కుకుంటూ వెళ్లింది. ప్రేమావతి బొమ్మను చంకనెత్తుకుని పందిరి కిందికి వచ్చింది.

"బిడ్డా, నువ్వు దాన్ని ఏమన్న అడుగుతవా?"

"నేనెందుకు అడుగుత తాతా? అదే నన్ను అడుగుతది."

"ఏమడుగుతది?"

"జొన్నగట్క పెట్టమంటది. కాళ్లు కాలుతున్నయంటది."

రంపె ఆగిపోయింది. ఆ రాయిని తాను కొడుకు ప్రాణం అడిగాడు. ఈ బొమ్మేమో పిల్లను గట్క అడుగుతోంది. మత్తయ్య తనలో తాను నవ్వుకుని, పొయ్యి దగ్గరున్న కూతురు యేసుమణిని పిలిచాడు.

"ఆనందమయ్య వస్తే జర కూసోబెట్టు. ఆయనతోని మాట్లాడేదుంది."

ఆనందం వచ్చేసరికి పొద్దు వాలింది. కుట్టిన చెప్పులు బండ పక్కన సిద్ధంగా ఉన్నాయి. మత్తయ్య గుంజకు ఆనుకుని, తల పక్కకు వాల్చి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని ఉపదేశి కాసేపు ఎదురుగా కూర్చున్నాడు. యేసుమణి మంచినీళ్లు తెచ్చిచ్చి, తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్లు చల్లబడిపోయింది. ఆ చెయ్యి తీయకుండానే తండ్రి పక్కన కూలబడింది.

మత్తయ్య తల దగ్గర ప్రార్థన ముగిశాక ఉపదేశి చుట్టూ చూశాడు. ఆయన చూపు పడగానే ప్రేమావతి బొమ్మను వీపు వెనక దాచుకుంది. ఆయన యేసుమణి వైపు తిరిగాడు.

"నాకేమన్న చెప్పుమన్నడా?"

"మీతోని మాట్లాడేదుందన్నడు. ఏందో చెప్పలే."

ఆనందం తన చెప్పుల కోసం బండ దగ్గరికి వెళ్లి, వంగినవాడు అట్లాగే ఆగిపోయాడు. బండ మీద, తోలు తునకల నడుమ, బొటనవేలంత చెప్పుల జత ఒకటి ఉంది. అందులో ఒకదానికి పట్టీ ఇంకా కుట్టలేదు.