మెత్తగా చెప్పండి

మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. తాడేపల్లిగూడెం రన్‌వే మొదటినుంచీ పొట్టిదే. ఎప్పటి యుద్ధం కోసమో వేసింది, మొన్నమొన్నటిదాకా దానిమీద వడ్లు ఆరబోసుకునేవాళ్లు. ఎదురుగాలి ఉంటే ఆ పంతొమ్మిది సీట్ల విమానం నిండా జనంతో లేస్తుంది. గాలి లేకుండా ఎండ ఇలా కాస్తే లేవదు. కెప్టెన్ ఆ మాటే చెప్పాడు. వంద కిలోలు దించితే హైదరాబాదు వెళదాం, లేదంటే చల్లబడేదాకా కూర్చుందాం అన్నాడు. ఏది దించుతారన్నది ఆయనకు అనవసరం.

సామాన్ల అరలో నాలుగు పెట్టెల పీతలున్నాయి, ప్రాణంతో. తూకం వేస్తే సరిగ్గా వంద కిలోలు. ఉండి ఊరి దగ్గర పీతల చెరువులున్న పెద్దమనిషి ఒకాయన పెళ్లి విందుకు పంపిస్తున్నాడు. వాటి జోలికి వెళ్లొద్దన్నాడు స్టేషన్ మేనేజరు ఫణికిరణ్. రోజూ సరుకు వేసే మనిషికి కోపం వస్తే ఈ సర్వీసే ఉండదట. కాబట్టి మనుషుల్లోంచే ఇద్దరు దిగాలి. అలా అని అతను, ప్రయాణికుల్ని చూసుకునే సుమన వైపు తిరిగాడు.

"మీరు మెత్తగా చెప్పండి సుమనగారూ. మీరు చెబితే ఎవరూ కాదనరు."

నిజమే, ఎవరూ కాదనరు. ఏలూరులో బడిపంతులుగారి అమ్మాయి సుమన. చిన్నపిల్లల్ని కూడా మీరు అనే ఇంట్లో పెరిగింది. కంపెనీ ఆమెకిచ్చే పద్నాలుగు వేలూ ఆ మెత్తని గొంతుకే. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనది మంచి గొంతని మురిసిపోయింది కూడా. ఆ మురిపెం ఎప్పుడో చచ్చిపోయింది. ఇప్పుడు ఎవర్నైనా దించాల్సి వస్తే, విమానం ఎక్కుతూనే ముందు జనం చేతులూ చెప్పులూ చూస్తుంది. ఫోను పట్టుకున్నవాడు ఎవరికో ఒకరికి చేస్తాడు, వాణ్ణి అడగకూడదు. కాళ్లు ముడుచుకుని, పక్కవాడికి తన కొంగు తగులుతుందేమోనని కూర్చున్న మనిషిని అడగాలి. ఎందుకు వెళుతున్నారని మాత్రం అడగదు. తెలిస్తే నోరు పెగలదు.

ఆవేళ వెనక సీట్లో అలాంటి మనిషి ఒకామె ఉంది. యాభై దాటి ఉంటాయి. టిక్కెట్టు మీద పేరు రూతమ్మ. కొల్లేటి లంకల మనిషి. ఎవరివో చేపల చెరువుల మీద కూలికి వెళుతుందని అరచేతులే చెబుతున్నాయి. సుమన ఆమె దగ్గర వంగింది.

"ఏవండీ, ఏమీ అనుకోకండి. చిన్న ఇబ్బంది వచ్చిందండి. మీరు కాస్త పెద్దమనసు చేసుకుని దిగితే..."

"అలాగేనండి," అంటూ రూతమ్మ లేచింది. ఎందుకని కూడా అడగలేదు. పైగా పక్కాయన్ని దారి ఇమ్మనడానికి మొహమాటపడింది. మిగతావాళ్లంతా కిటికీల్లోంచి బయటికి చూశారు. పాడు మర్యాద! ఒక్కడైనా గొంతెత్తితే సుమనకు కాస్త తేలికగా ఉండేది.

రన్‌వే పక్కనున్న షెడ్డులో కుర్చీ వేసి మంచినీళ్లిచ్చి, రేపటి విమానంలో ఖర్చు లేకుండా సీటిస్తామని సుమన చెప్పింది. రూతమ్మ నీళ్లు తాగి, గ్లాసు కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

"రేపటికి ఆయన ఉండడంటండి," అంది.

ఆయనంటే ఆమె భర్త జ్ఞానయ్య. హైదరాబాదులో కట్టే మేడ మీదనుంచి పడ్డాడు. పొద్దుపోయేలోగా వస్తే చూసుకోవచ్చని ఆసుపత్రివాళ్లు ఫోను చేశారు. రైలెక్కితే రాత్రవుతుందని చెరువు మీద పనివాళ్లంతా తలా కాస్తా వేసుకుని టిక్కెట్టు కొన్నారు. రూతమ్మ ఇదంతా ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

సుమన గ్లాసు కింద పెట్టేసింది. "మరి లోపలే ఎందుకు చెప్పలేదండీ?"

"మీరంత మర్యాదగా అడిగారు గదండీ. అందరిముందూ నేను కాదంటే మీరు చిన్నబోరా అమ్మగారూ?"

ఇన్నాళ్లూ తను దించిన వాళ్లందరూ మెట్లు దిగుతూ తనకే నమస్కారం పెట్టడం గుర్తొచ్చి సుమనకు సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. కసిరి దించినా ఇంత పాపం చుట్టుకునేది కాదేమో.

ఇంతలో ఫణికిరణ్ వచ్చి, ఇంకొకరు కావాలి, మధ్య వరసలో ఒక ముసలాయన ఉన్నాడు, వెళ్లి మెత్తగా చెప్పండి అన్నాడు.

"చెప్పనండి," అంది సుమన. "పీతలు దించించండి. ఈవిడ వెళ్లాలి."

అతను ముందు నవ్వాడు. తర్వాత ఉద్యోగం సంగతి ఎత్తాడు. ఉద్యోగం మాటకు ఆమెకు భయం వేసింది, బాగానే వేసింది. అయినా రూతమ్మ రెక్క పట్టుకుని ఎండలోకి నడిచింది. విమానం వెనక అర దగ్గర సామాన్లు మోసే గోపీచంద్ నిలబడి ఉన్నాడు.

"ఆ నాలుగు పెట్టెలూ దించెయ్!"

ఆ అరుపు తన గొంతులోంచే వచ్చిందని ఆమె నమ్మలేకపోయింది. కిటికీల్లో మొహాలు ఇటు తిరిగాయి. గోపీచంద్ ఒక పెట్టె మీద చెయ్యి వేసి, తీయకుండా మేనేజరు కేసి చూస్తున్నాడు. ఫణికిరణ్ గబగబా వస్తున్నాడు.

"వద్దు అమ్మగారూ, నా మూలాన మీకు మాటొస్తది. నేను రైలుకి ఎల్లిపోతానండి," అని బతిమాలింది రూతమ్మ. అంతటితో ఊరుకోక, వస్తున్న ఫణికిరణ్‌కు రెండు చేతులూ జోడించి, తప్పు నాదేనండి అనబోయింది.

సుమన ఆ జోడించిన చేతుల్ని పట్టుకుని విడదీసింది.