కళల వీధిలో రేకు చప్పుడు

తండ్రి పోయాక ఇనుప పెట్టెల కొట్టు పెద్దకూతురి చేతికి వచ్చింది. రేకు కత్తిరించడం, అంచులు మడవడం, మూలలకు రివెట్లు కొట్టడం ఆమెకు చిన్నప్పుడే పట్టుబడ్డాయి. వీధిలో అందరూ పెట్టెలక్క అనేవాళ్లు. పెళ్లి మాట ఎత్తితే, "ముందు చెల్లెల్ని ఒక దారికి తేనివ్వండి" అని నవ్వేసేది. తల్లి లేని ఆ పిల్లకు జడలు వేసిందీ, బడికి పంపిందీ, బొమ్మలు నేర్పే కాలేజీలో చేర్పించిందీ ఆమే.

చెల్లెలు చదువు ముగించుకుని వచ్చేసరికి వీధి చివరి నూలుమిల్లు మూతపడి, సగం కొట్లకు తాళాలు పడ్డాయి.

"పైగది ఊరికే బూజు పట్టిపోతోందే. నీ రంగులు అక్కడ పెట్టుకో" అంది అక్క.

ఆ పిల్ల వెనకే స్నేహితులు వచ్చారు. వాళ్ల వాలకం చూసి కొట్ల యజమానులు వెనకాడితే, "నా చెల్లెలితో చదివినవాళ్లు, పూచీ నాది" అని పెట్టెలక్కే తాళాలు తీయించింది. రెండేళ్లలో గోడలన్నీ రంగులు పూసుకున్నాయి. శనివారాలు జనం విరగబడేవాళ్లు. నగరపాలక సంస్థ కొత్త దీపాలు పెట్టి, వీధి మొదట్లో 'కళల వీధి' అని బోర్డు నిలబెట్టింది. కళాకారుల సంఘానికి చెల్లెలే అధ్యక్షురాలు. కొట్టుకు వచ్చిన ప్రతివాడితోనూ అక్క ఈ మాట చెప్పి మురిసిపోయేది.

ఆ తర్వాత ఎదురుగా కాఫీ హోటలు వెలిసింది. దాని యజమాని ఒకరోజు మర్యాదగా వచ్చాడు.

"అక్కగారూ, పొద్దున పదకొండు దాకా సుత్తి ఆపగలరా?"

"పదకొండు తర్వాత కొట్టుకోవచ్చా?"

"అప్పుడు భోజనాలకు వస్తారండీ. సాయంత్రం పాటలుంటాయి."

"అయితే ఇక పెట్టెలు కలలోనే చెయ్యాలి బాబూ" అంది. ఇద్దరూ నవ్వారు.

నెల తిరక్కుండా నగరపాలక సంస్థ నోటీసు వచ్చింది. లోహపు పనులు ఈ వీధికి తగవని సంఘం ఫిర్యాదు చేసిందట, మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలట. ఫిర్యాదు నకలు కూడా జతచేశారు. అడుగున మొదటి సంతకం చెల్లెలిది. ఆ చేతికి అక్షరాలు దిద్దించింది తనే, పోల్చుకోలేకపోవడమేముంది?

కాగితం పట్టుకుని మెట్లెక్కింది. చెల్లెలు కుంచె కింద పెట్టింది.

"నీ సంతకమేనా?"

"అందరూ అడిగారక్కా. నేనొక్కదాన్నీ కాదంటే..."

"చదవకుండా పెట్టానని చెప్పవే. నమ్ముతాను."

చెల్లెలు తలదించుకుంది. "చదివే పెట్టానక్కా. నగరపాలక సంస్థవాళ్లే నీకు మంచి చోటు చూపిస్తారనుకున్నాను."

అక్క కిందికి దిగి, సగంలో ఆపిన పెట్టెకు మూత బిగించింది. కళ్లు మసకబారి సుత్తి దెబ్బ రెండుసార్లు వేలిమీద పడింది.

చూపించిన చోటు ఊరి చివర, రెండు బస్సులు మారి వెళ్లాల్సిన షెడ్డు. తండ్రి నాటి నుంచీ రివెట్లు కొట్టే బాబాయ్, "నా కాళ్లు ఈ కొట్టుదాకానే వస్తాయమ్మా" అని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. పాత బేరగాళ్లు అంత దూరం రాలేదు. ఏడాది తిరిగేసరికి పక్క ఫ్యాక్టరీలో కూలికి రేకులు కత్తిరిస్తోంది. షెడ్డులో ఓ మూల మంచం.

అక్కడికే ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది, చంకలో చుట్టిన బొమ్మల కట్టలతో. కొట్టూ పైగదీ ఉన్న ఆ అద్దె మేడ మొత్తం పెద్ద హోటలువాళ్లు కొన్నారట. సంఘం చెల్లాచెదురైంది. వీధి పేరు మాత్రం అలాగే ఉంచుతారట.

అక్క అడ్డు తప్పుకుని లోపలికి రానిచ్చింది. అన్నం వడ్డించింది. మంచం ఇచ్చి తను నేలమీద పడుకుంది.

"నామీద కోపమా అక్కా?" అని మూడోరోజు అడిగింది చెల్లెలు.

"కోపమైతే ఈపాటికి నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని" అంది అక్క. ఆ తర్వాత "అన్నం ఉంది", "నీళ్లు వచ్చాయి" తప్ప మాటల్లేవు. ఒకప్పుడు ఒకే దుప్పటిలో తెల్లార్లూ కబుర్లాడుకున్నవాళ్లు.

రెండు నెలలకు చెల్లెలు సామాను సర్దుకుంది. నగరానికి అవతలి వైపు ఇంకో పాత వీధి దొరికిందట, ఖాళీ గదులు చాలా ఉన్నాయట.

"నువ్వూ రా అక్కా. మళ్లీ కలిసుందాం."

"ఆ వీధిలో పనివాళ్లున్నారా?"

"ఉన్నారు. ఇద్దరు వడ్రంగులు, ఒక కమ్మరి. మంచివాళ్లు. గది కూడా వాళ్లే ఇప్పించారు."

అక్క ఒక బొమ్మల కట్టకు తాడు బిగించింది.

"వాళ్లకైనా ముందే చెప్పవే" అంది.

చెల్లెలు గుమ్మంలోనే వెక్కివెక్కి ఏడ్చింది. అక్క దగ్గరికి తీసుకోలేదు. కట్టల్లో బరువైనది అందుకుని, బస్సు దాకా మోసింది.